తాతయ్య, అమ్మమ్మల వస్తువులు: ఏవి ఉంచుకోవాలి, ఏవి వదులుకోవాలి, ఎలా తేల్చుకోవాలి

వయసు మీద పడిన తాతయ్యో అమ్మమ్మో పెద్ద ఇంట్లోంచి చిన్న ఇంటికి మారుతున్నప్పుడు, లేదా పిల్లల దగ్గరికి వచ్చేస్తున్నప్పుడు, ఇంట్లో ఎవరో ఒకరి మీద ఈ పని పడుతుంది. బీరువాలు, అటకలు, ట్రంకు పెట్టెలు, సొరుగులు అన్నీ తెరిచి ఏది ఎటు పోవాలో తేల్చాలి. చాలామంది దీన్ని సర్దుడు పనిగానే చూసి రెండు రోజుల్లో తెమల్చాలనుకుంటారు. నేను మాత్రం దీన్ని ముందు కూర్చుని వినాల్సిన పనిగా చూస్తాను. వస్తువు ఎంత పాతదైనా దాని వెనకున్న సంగతి తెలియకపోతే, మీ పిల్లల చేతికి వచ్చేసరికి అది ఉట్టి పాత సామానే. సంగతి తెలిసిన ఒక గుండీ అయినా సరే, ఇంట్లో తరాల పాటు నిలుస్తుంది. అందుకని కింద చేసిన పోలికలన్నిటికీ నేను ఒకే కొలత వాడాను: ఈ దారిలో వెళితే వస్తువుతో పాటు దాని కథ కూడా మిగులుతుందా, లేదా?

వారు ఉండగానే చేయడమా, తర్వాత చేయడమా

ఈ విషయంలో నాకు సందేహం లేదు. వారు ఉండగా, ఒంట్లో ఓపిక ఉండగా, జ్ఞాపకం బాగుండగా మొదలుపెట్టడమే మంచిది. ఒక ఫొటోలో ఆరుగురు నిలబడి ఉంటారు. అందులో ముగ్గురెవరో చెప్పగలిగిన మనిషి ఇంట్లో ఒక్కరే ఉంటారు. ఆ ఒక్కరూ వెళ్ళిపోతే ఆ ముగ్గురి పేర్లూ వారితోనే పోతాయి. ఆ తర్వాత ఎంత ఖర్చుపెట్టినా, ఎంతమందిని అడిగినా తిరిగి రావు.

"పాత సంగతులు కదిపితే పెద్దవాళ్ళు బాధపడతారేమో" అని చాలామంది వెనకాడతారు. ఒకప్పుడు వైద్యులు కూడా ముసలితనంలో గతాన్ని పదేపదే తలచుకోవడాన్ని ఒక లోపంగానే చూసేవారు. అమెరికాకు చెందిన మానసిక వైద్యుడు రాబర్ట్ బట్లర్ 1963లో ఈ అభిప్రాయాన్ని సవాలు చేశాడు. గడిచిన జీవితాన్ని వెనక్కి తిరిగి చూసుకోవడం ఆ వయసులో సహజమనీ, చాలామందికి దానివల్ల మనసు తేలికపడుతుందనీ వాదించాడు. పెద్దవాళ్ళ పక్కన కూర్చుని ఒక్క సొరుగు తెరిచి చూసినా ఇది అర్థమవుతుంది. మామూలుగా రెండు ముక్కలు మాట్లాడే మనిషి గంట సేపు ఆపకుండా చెబుతారు. అయితే అన్ని పెట్టెలూ ఒకటి కావు. పోగొట్టుకున్న బిడ్డ బట్టలో, తెగిపోయిన బంధం తాలూకు ఉత్తరాలో ఉన్న పెట్టెను వారే తెరవమనేదాకా ముట్టుకోకండి.

వారితో కలిసి చేయడంలో ఒక్కటే ఇబ్బంది. పని సాగదు. ఒక పూట కూర్చుంటే ఒక సొరుగు కూడా పూర్తి కాకపోవచ్చు. గంట దాటితే వారికి అలసట వస్తుంది, ఆ తర్వాత తీసుకునే నిర్ణయాలు విసుగులో తీసుకునేవే. ఇల్లు ఖాళీ చేయాల్సిన తేదీ ముంచుకొస్తుంటే పనిని రెండుగా విడదీయండి. ఫొటోలు, ఉత్తరాలు, నగలు, చేత్తో చేసిన వస్తువులు, చేత్తో రాసిన కాగితాలు వారి ముందే తెరవండి. పరుపులు, గిన్నెలు, పాడైన విద్యుత్ సామాను లాంటివి మీరు చూసుకోండి. జాబితా మాత్రం చదివి వినిపించండి, ఎందుకంటే మనకి చిల్లుగిన్నెలా కనిపించింది వారికి అలా కనిపించకపోవచ్చు.

మతిమరుపు జబ్బు మొదలైనవారి సంగతి వేరు. నిన్న జరిగింది గుర్తులేకపోయినా నలభై ఏళ్ళ కిందటిది గుర్తుండటం ఈ జబ్బులో మామూలే. కాబట్టి వారితో పాత ఫొటోల పని చేయవచ్చు, అది వారికి సంతోషాన్నీ ఇస్తుంది. కానీ వారి కళ్ళ ముందు రోజూ ఉండే కుర్చీ, గడియారం, దుప్పటి తీసేయకండి. ఏ గదిలో ఉన్నారో, ఎవరింట్లో ఉన్నారో వారికి గుర్తుచేసేవి అవే. కొత్త ఇంటికి వెళ్ళినా అవి వారితో పాటే వెళ్ళాలి.

నిర్ణయం ఎవరిది

పెద్దవారు బతికి ఉన్నంతకాలం ఆ వస్తువులు వారివి. వినడానికి తేలికగానే ఉంటుంది, సర్దడం మొదలయ్యాక మాత్రం అందరం మర్చిపోయే మాట ఇదే. పిల్లలు నిర్ణయిస్తే పని త్వరగా అవుతుంది, కానీ అమ్మమ్మ అడిగిన వస్తువు అప్పటికే వెళ్ళిపోయి ఉంటుంది, ఆ నమ్మకం మళ్ళీ కుదరదు. డబ్బిచ్చి బయటివాళ్ళని పెట్టుకుంటే మొహమాటాలు ఉండవు, కుటుంబంలో కోపాలు ఉన్నచోట ఇది నిజంగా ఉపయోగపడుతుంది. కాకపోతే వాళ్ళకి కథ తెలియదు, వాళ్ళు చూసేది పరిమాణం, స్థితి, ధర మాత్రమే. నా సలహా ఏమిటంటే, నిర్ణయం పెద్దవారికే వదిలి ప్రశ్నను మాత్రం మార్చండి. "ఇది ఉంచాలా, పారేయాలా?" అని అడిగితే ఎవరైనా "ఉంచు" అనే అంటారు. "ఇది ఎవరి దగ్గర ఉంటే నీకు సంతోషం?" అని అడిగి చూడండి. అప్పుడు పేర్లు వస్తాయి, కారణాలు వస్తాయి. కొన్నిసార్లు "దాని సంగతి వదిలెయ్, దాన్ని నేనెప్పుడూ ఇష్టపడలేదు" అన్న జవాబు కూడా వస్తుంది. అలాంటి మాట విన్నాక ఆ పెద్ద అద్దాల బీరువా గురించి ఇంట్లో ఎవరూ టెన్షన్ పడక్కర్లేదు.

వస్తువులు తీయడానికి ముందు కాగితాలు వేరు చేయండి. వీలునామా, ఆస్తి పత్రాలు, గుర్తింపు పత్రాలు, బీమా, బ్యాంకు, పెన్షన్ కాగితాలు ఒక సంచిలో పెట్టి పక్కన ఉంచాలి. కోట్ల జేబులు, పుస్తకాల పేజీల మధ్య, సొరుగుల అడుగున పరిచిన కాగితాల కింద కూడా చూడాలి. పెద్దవాళ్ళు డబ్బు, ఉత్తరాలు దాచేది అక్కడే.

ఉంచుకోవడమంటే ఒక్క పద్ధతి కాదు

ఒక వస్తువు చేతిలోకి తీసుకున్నాక మన ముందు చాలా దారులుంటాయి. దాన్ని రోజూ వాడుకోవచ్చు, కనిపించేలా పెట్టుకోవచ్చు, పెట్టెలో దాచవచ్చు, రూపం మార్చుకోవచ్చు, ఫొటో తీసుకుని వస్తువుని వదిలేయవచ్చు, ఇప్పుడే ఒకరికి ఇచ్చేయవచ్చు, అమ్మేయవచ్చు.

వీటన్నిటిలో నేను మొదటి స్థానం ఇచ్చేది వాడుకోవడానికే. మా అమ్మమ్మ కుట్టు కత్తెర ఇప్పటికీ మా ఇంట్లో వాడుకలో ఉంది. ఎన్నిసార్లు సాన పట్టించిందో, ఒక రెక్క రెండోదానికంటే సన్నగా అయిపోయింది. బొటనవేలు పెట్టే వలయానికి నీలం రంగు గుడ్డపీలిక చుట్టి ఉంటుంది, చేతి చెమటకి అది ఒక పక్క నల్లబడింది. అదేమిటని అడిగితే, మా అమ్మకి కుట్టిన మొదటి గౌనులో మిగిలిన ముక్క అని చెప్పింది. అడగకపోయి ఉంటే ఆ పీలికను మురికిదని విప్పేసి కత్తెరని శుభ్రం చేసేవాళ్ళమే. దాన్ని అద్దాల పెట్టెలో పెట్టి ఉంటే ఈ సంగతి ఇంట్లో ఎవరి నోటా వచ్చేది కాదు. గుడ్డ కత్తిరించిన ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు, ఎవరో ఒకరు చెబుతారు. వాడుకలో వస్తువు అరిగిపోవచ్చు, పగిలిపోవచ్చు, ఆ భయం న్యాయమైనదే. అయినా, ఒకటే ఉన్న, అతి సున్నితమైన వస్తువులను మినహాయించి మిగతావి వాడుకలో అరిగితేనే మంచిదని నా నమ్మకం.

పెట్టెలో దాచడం చాలామంది ఎంచుకునే దారి, నాకు అన్నిటికంటే తక్కువ నచ్చే దారి కూడా ఇదే. దాచిపెట్టడం తరచుగా నిర్ణయాన్ని వాయిదా వేయడమే అవుతుంది. పదేళ్ళకి ఆ పెట్టె మీ పిల్లలు తెరవాల్సి వస్తుంది, ఈసారి చెప్పేవారు లేకుండా. కాగితాలకి, ఫొటోలకి, పాత బట్టలకి మాత్రం చీకటి, పెట్టె రెండూ అవసరం. వాటి గురించి కింద విడిగా చెబుతాను.

ఫొటో తీసుకుని వస్తువుని వదిలేయడం చాలామందికి ద్రోహంలా అనిపిస్తుంది. దీని మీద ఒక మంచి పరిశోధన ఉంది. అమెరికాలో పెన్ స్టేట్ విశ్వవిద్యాలయం హాస్టళ్ళలో రెండు రకాల విరాళ ప్రచారాలు నడిపారు. ఒకదానిలో వస్తువులు ఇవ్వమని మాత్రమే అడిగారు, రెండోదానిలో జ్ఞాపకమున్న వస్తువుని ముందు ఫొటో తీసుకుని ఆ తర్వాత ఇవ్వమన్నారు. మొదటిచోట 533 వస్తువులు వస్తే రెండోచోట 613 వచ్చాయి. ఈ ఫలితాలు 2017లో వెలువడ్డాయి. మనల్ని పట్టి ఉంచేది చాలాసార్లు వస్తువు కంటే అది పోతే జ్ఞాపకం కూడా పోతుందన్న భయం. ఫొటో ఆ భయాన్ని కొంత తీరుస్తుంది. పెద్ద సామానుకి, ఒకే రకంవి చాలా ఉన్నప్పుడు, విరిగిపోయినవాటికి ఇది సరైన దారి. చేత్తో ముట్టుకుంటేనే గుర్తొచ్చేవాటికి, అంటే అల్లిన స్వెట్టరు, వాడి వాడి నునుపెక్కిన చేతికర్ర లాంటివాటికి, ఫొటో సరిపోదు. ఫొటో తీసేటప్పుడు వస్తువుని ఒంటరిగా తీయకండి. అమ్మమ్మ దాన్ని చేత్తో పట్టుకుని ఉండగా తీయండి.

రూపం మార్చడం గురించి ఒక మాట. పాత బట్టలతో బొంత కుట్టించడం, విరిగిన బల్ల చెక్కతో ఫొటో చట్రం చేయించడం మంచి ఆలోచనలే. పాడైపోయిన వస్తువు విషయంలో వెనకాడక్కర్లేదు. బాగున్న నగను కరిగించి కొత్తది చేయించడం మాత్రం నాకు నచ్చదు. బంగారం మిగులుతుంది, అమ్మమ్మ వేసుకున్న నగ మిగలదు. తప్పనిసరైతే పెద్దవారి అనుమతి తీసుకుని, కరిగించక ముందు ముందువైపు, వెనకవైపు, చెక్కిన గుర్తులతో సహా దగ్గరగా ఫొటోలు తీసి పెట్టుకోండి.

ఇప్పుడే ఇచ్చేయడం అందరికీ అందుబాటులో ఉన్న దారి, అయినా తక్కువమంది ఆలోచించే దారి. తాతయ్య తన కలాన్ని తన చేత్తో మనవరాలికి ఇస్తే అందులో గొడవకి చోటుండదు. ఇచ్చేటప్పుడు చెప్పిన మాటా ఆమెకి దక్కుతుంది. ఆమె దాంతో రాయడం ఆయన కళ్ళారా చూస్తాడు.

అమ్మాలనుకుంటే రెండు జాగ్రత్తలు. ధర చెప్పే మనిషి, కొనే మనిషి ఒకరే కాకూడదు. వెల కట్టించక ముందు దేన్నీ తోమి మెరిపించకూడదు. పాత నాణేలను శుభ్రం చేస్తే వాటి విలువ పడిపోతుంది. పాత ఇత్తడి, కంచు మీద పట్టిన ముదురు రంగును కూడా సేకరించేవాళ్ళు విలువగానే చూస్తారు. ఇంకో సంగతి, మనకి ఎంతో విలువైనదిగా అనిపించేది బయటి మనిషికి అలా అనిపించకపోవడం మామూలే. మన చేతిలో ఉన్నదానికి మనమే ఎక్కువ వెల కడతామని ఆర్థికవేత్త రిచర్డ్ థేలర్ 1980లోనే రాశాడు. తక్కువ ధర చెప్పారని బాధపడి అమ్మమ్మని తక్కువ చేసినట్టు తీసుకోకండి.

ఫొటోలు, ఉత్తరాలు, టేపులు

చోటు తక్కువ పట్టేవి, కథ ఎక్కువ మోసేవి ఇవే. అందుకే ఎక్కువ సమయం వీటికి ఇవ్వమంటాను.

పాత ఆల్బమ్‌లలో ఒక రకం ఉంటుంది. పేజీ మీద జిగురు గీతలు, పైన పారదర్శకమైన ప్లాస్టిక్ పొర. 1970లు, 80లలో ఇవి బాగా వాడారు. ఆ జిగురు కాలక్రమేణా పసుపెక్కి ఫొటోని పట్టేసుకుంటుంది. గోరుతో లాగితే ఫొటో చిరుగుతుంది. పళ్ళ మధ్య శుభ్రం చేసుకునే మైనం లేని దారాన్ని ఫొటో వెనక మూల నుంచి పెట్టి రంపంలా నెమ్మదిగా అటూ ఇటూ లాగితే చాలావరకు ఊడి వస్తుంది. రానంటే బలవంతం చేయకుండా పేజీని పేజీగానే స్కాన్ చేయండి.

స్కాన్ చేయడమా, ఫోన్‌తో తీయడమా? కుటుంబం వాట్సాప్‌లో చూసుకోవడానికి ఫోన్ చాలు. దాచిపెట్టుకోవడానికి స్కానరే మేలు, ఎందుకంటే ఫోన్ ఫొటోలో వెలుగు మెరుపులు, మూలల్లో వంకరలు వస్తాయి. మామూలు ప్రింట్లకి కనీసం 300 డీపీఐ (స్కానర్ అంగుళానికి ఎన్ని చుక్కలు తీయాలన్న లెక్క), చిన్న ఫొటోలకి, పెద్దవి చేయించుకోవాలనుకున్నవాటికి 600 డీపీఐ పెట్టండి. ముఖ్యమైనవి నాణ్యత తగ్గని టిఫ్ రకం ఫైలుగా దాచండి. జేపెగ్‌ను మార్చి మళ్ళీ సేవ్ చేసిన ప్రతిసారీ కొంత నాణ్యత పోతుంది. మూడు ప్రతులు ఉంచాలి, అవి రెండు రకాల చోట్ల ఉండాలి, ఒకటి ఇంటికి బయట ఉండాలి. ఒక ప్రతి హార్డ్ డిస్క్‌లో, ఒకటి క్లౌడ్‌లో, ఇంకొకటి వేరే ఇంట్లో ఉన్న చెల్లెలి దగ్గర పెడితే ఈ లెక్క సరిపోతుంది.

స్కాన్ అయిపోయింది కదా అని అసలు ప్రింట్లు పారేయాలా? ఒకే ఫొటోకి నాలుగు ప్రతులుంటే మూడు ఇచ్చేయండి. మసకబారిన, ఎవరూ లేని దృశ్యాల ఫొటోలు వదిలేయండి. మనుషులున్నవి, వెనక చేతిరాత ఉన్నవి మాత్రం ఉంచండి. పేర్లు రాసేటప్పుడు బాల్ పెన్‌తో నొక్కి రాయకండి, ఆ అచ్చు ముందువైపుకి తేలుతుంది. మెత్తటి పెన్సిల్‌తో, వెనక అంచున, తేలిగ్గా రాయండి. పెన్సిల్ పట్టని ప్లాస్టిక్ పూత ఉన్న ప్రింట్లకి విడి కాగితం మీద రాసి జత చేయండి.

ఉత్తరాల్లో ఏవి ఉంచాలన్నది కష్టమైన ప్రశ్న. క్షేమ సమాచారాలు మాత్రమే ఉన్నవి కొన్ని నమూనాకి ఉంచుకుని, మిగతావి వదిలేయవచ్చు. ఒక నిర్ణయం, ఒక గొడవ, ఒక ప్రయాణం, ఒక పుట్టుక గురించి ఉన్నవి ఉంచాలి. రాసినవారు, అందుకున్నవారు ఇద్దరూ ఉంటే, ఇద్దరినీ అడిగాకే ఇతరులకి చూపించాలి. చాలామంది మంచి ఉద్దేశంతోనే లామినేషన్ చేయిస్తారు, వద్దు. ఆ వేడీ జిగురూ కాగితంలోకి దిగిపోతాయి, మళ్ళీ ఊడదీయడం కుదరదు. పిన్నులు, స్టేపుల్స్ తుప్పు పడతాయి కాబట్టి తీసేయండి. రబ్బరు బ్యాండ్లు ఎండకి, వయసుకి కరిగి అంటుకుంటాయి. వార్తాపత్రిక కత్తిరింపులను విడిగా పెట్టండి. ఆ కాగితంలోని ఆమ్లం పక్కనున్నదాన్ని కూడా పసుపు చేస్తుంది.

టేపుల విషయంలో తొందర నిజంగా ఉంది. వీడియో క్యాసెట్లలోని అయస్కాంత పూత కాలంతో పాటు బలహీనపడుతుంది. సరిగ్గా దాచినా పదేళ్ళ నుంచి పాతికేళ్ళలోపే బొమ్మ చెడటం మొదలవుతుంది. పైగా వాటిని ఆడించే యంత్రాలు దొరకడం కష్టమవుతోంది. జపాన్‌కు చెందిన ఫునాయ్ సంస్థ 2016 జులైలో వీడియో క్యాసెట్ రికార్డర్ల తయారీ ఆపేసింది, అప్పటికి అవి తయారుచేస్తున్న చివరి సంస్థ అదే. కాబట్టి నిర్ణయం పెండింగ్‌లో పెట్టుకోగలిగిన వస్తువుల్లో టేపులు లేవు. ఏది ముందు డిజిటల్ ఫైలుగా మార్పించాలో తేలకపోతే గొంతులున్నవి ముందు మార్పించండి. ఫిలిం డబ్బా తెరిచినప్పుడు వెనిగర్ వాసన వస్తే ఆ ఫిలిం పాడవుతున్నట్టు. దాన్ని మిగతావాటికి దూరంగా పెట్టి వెంటనే స్కాన్ చేయించండి.

బట్టలు, నగలు, గడియారాలు

బట్టలను ఉతికి, పూర్తిగా ఆరాకే దాచండి. కనిపించని చెమట మరకే ఏళ్ళు గడిచాక గోధుమరంగు మచ్చగా తేలుతుంది, పురుగుని కూడా పిలుస్తుంది. ఉతకలేని పాత పట్టుని తెలిసినవాళ్ళకే ఇవ్వాలి. ప్లాస్టిక్ కవర్లో బిగించడం కంటే ఉతికిన తెల్ల నూలు గుడ్డలో చుట్టడం మేలు. అప్పుడప్పుడూ తీసి మడత గీతలు మార్చండి, లేకపోతే గీత దగ్గరే చిరుగుతుంది. కలరా ఉండలు బట్టకి తగలకూడదు, వాటి ఆవిరి మనుషులకీ మంచిది కాదు. ఒక మనిషి బట్టలన్నీ దాచలేం. వారు ఎక్కువగా వేసుకున్న ఒకటి, తమ చేత్తో కుట్టుకున్నదో అల్లుకున్నదో ఒకటి ఉంచితే మిగతావి వాడుకునేవారికి ఇవ్వవచ్చు.

ముత్యాలను గాలి చొరని ప్లాస్టిక్‌లో పెట్టకండి. వేసుకున్నాక మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు. వెండిని మెరిపించిన ప్రతిసారీ పైపొర కొంచెం పోతుంది. వెండి పూత మాత్రమే ఉన్న వస్తువైతే అలా తోముతూ పోతే లోపలి లోహం బయటపడుతుంది.

తాతయ్య చేతిగడియారం విషయంలో ఒక హెచ్చరిక. చీకట్లో మెరిసే అంకెలున్న పాత గడియారాలకి 1960ల దాకా రేడియం అనే రేడియోధార్మిక పదార్థం కలిపిన రంగు వాడారు. ఇప్పుడు మెరవడం లేదంటే రేడియం పోయిందని అర్థం కాదు. మెరిసే పదార్థం అరిగిపోయిందంతే. రేడియం సగానికి తగ్గడానికే సుమారు 1600 ఏళ్ళు పడుతుంది. అద్దం బాగున్నంతవరకు ఒక చోట పెట్టుకుని చూసుకోవచ్చు. మీరే విప్పి అంకెలు గీకడం, పిల్లల చేతికి ఆడుకోవడానికి ఇవ్వడం మాత్రం చేయకండి.

పెద్ద సామాను గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. కొలత టేపు తీసుకోండి. మీ ఇంట్లో అది పెట్టే గోడ ఏదో ఇప్పుడే చూపించగలిగితే ఉంచండి, లేకపోతే వద్దు. అద్దె గోడౌన్‌లో పెట్టడం అన్నిటికంటే ఖరీదైన వాయిదా.

పంచుకునేటప్పుడు

ఇల్లు, పొలం, బ్యాంకు ఖాతా ఎవరివో చెప్పే పత్రాలు ఉంటాయి. గిన్నెకి, కుర్చీకి, ఫొటో ఆల్బమ్‌కి అలాంటి పత్రాలు ఉండవు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఏళ్ళ తరబడి మాట్లాడుకోకుండా పోయేది చాలాసార్లు ఇలాంటివాటి దగ్గరే. పద్ధతిని ముందే అందరూ ఒప్పుకోవాలి. వస్తువులు బయటికి తీశాక పద్ధతి మాట్లాడితే ప్రతివారూ తమకి కావలసింది దక్కే పద్ధతినే సమర్థిస్తారు.

పెద్దవారే చెప్పి పంచడం అన్నిటికంటే శాంతమైనది. అలా కుదరకపోతే చీటీలు వేసి వరస తేల్చుకుని ఒక్కొక్కరూ ఒక్కొక్కటి ఎంచుకోవచ్చు. కానీ మొదటి వరస అయ్యాక రెండోది వెనక నుంచి మొదలుపెట్టాలి. అంటే చివర ఎంచుకున్నవారే మళ్ళీ ముందు ఎంచుకుంటారు. లేదంటే మొదటి చీటీ వచ్చినవారికే ప్రతిసారీ మేలు జరుగుతుంది. ఇద్దరే ఉంటే పాయింట్ల పద్ధతి ఇంకా బాగుంటుంది. ఒక్కొక్కరికి 100 పాయింట్లు, వాటిని తమకి ముఖ్యమైన వస్తువుల మీద పంచుకుని రహస్యంగా రాయాలి. ఎవరు ఎక్కువ పెడితే వస్తువు వారిది, ఆ తర్వాత ఇద్దరికీ వచ్చిన మొత్తాలు దాదాపు సమానమయ్యేలా సరిచేయాలి. స్టీవెన్ బ్రామ్స్, అలన్ టేలర్ అనే పరిశోధకులు రూపొందించిన పద్ధతికి ఇది సరళమైన రూపం. నాకు ఇందులో నచ్చేది గెలుపోటములు కాదు. చెల్లికి ఆ పాత రేడియో మీద అంత ప్రేమ ఉందని ఆమె 60 పాయింట్లు పెట్టేదాకా అన్నయ్యకి తెలియదు.

వేలం పాట మాత్రం వద్దు. డబ్బున్నవారికే జ్ఞాపకాలు దక్కుతాయి.

కథ దాచడానికి: రాయడమా, రికార్డు చేయడమా

చిన్న చీటీ రాసి వస్తువుకి కట్టడం అన్నిటికంటే తేలిక, ఎక్కువకాలం నిలిచేదీ అదే. ఎవరిది, ఎప్పటిది, ఎలా వచ్చింది, ఎవరు చెప్పారు అన్న నాలుగు సంగతులు ఉంటే చాలు. చీటీని వస్తువుకి అంటించకుండా నూలు దారంతో కట్టండి.

గొంతు రికార్డు చేయడం ఇంకా విలువైనది. అమెరికాలో 2003లో మొదలైన స్టోరీకార్ప్స్ సంస్థ మామూలు మనుషుల సంభాషణలను నలభై నిమిషాల చొప్పున రికార్డు చేసి, అక్కడి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో భద్రపరిచే ఏర్పాటు చేసింది. ఇంట్లో మనకి అంత ఏర్పాటు అక్కర్లేదు. ఫోన్‌ని బల్ల మీద బోర్లా పెట్టి, ఫ్యాన్ ఆపి, ఒక వస్తువు వారి చేతికిచ్చి "ఇది నీ దగ్గరికి ఎలా వచ్చింది?" అని అడిగితే చాలు. వీడియో కంటే ఆడియోనే మేలని నేనంటాను. కెమెరా చూడగానే పెద్దవాళ్ళు జుట్టు సర్దుకుని పొడి మాటలు మాట్లాడతారు, గొంతు మాత్రమే అయితే కాసేపటికి మర్చిపోతారు. వారు ఆగినప్పుడు మీరు తొందరపడి ఇంకో ప్రశ్న వేయకండి. ఆ మౌనం తర్వాతే అసలు సంగతి వస్తుంది. అయ్యాక ఫైలు పేరులో వస్తువు పేరు, మనిషి పేరు, తేదీ పెట్టండి, లేకపోతే ఆ రికార్డింగ్‌ని వెతకడమే ఇంకో పని అవుతుంది.

ఎక్కడ పెట్టాలి, తేలనివి ఏం చేయాలి

అటక మీదా నేల అడుగు గదిలోనూ కాకుండా మనుషులు తిరిగే గదిలో, బయటి గోడకి ఆనకుండా, నేల మీద నుంచి కొంచెం ఎత్తులో పెట్టండి. గాలిలో తేమ 35 నుంచి 50 శాతం మధ్య ఉంటే కాగితానికీ ఫొటోలకీ మంచిది. 65 శాతం దాటితే బూజు పట్టడం మొదలవుతుంది. తేమ కొలిచే చిన్న మీటర్లు దొరుకుతాయి, ఒకటి పెట్టెలో వేసి ఉంచవచ్చు.

ఎంత చేసినా కొన్ని వస్తువుల దగ్గర చెయ్యి ఆగిపోతుంది. ఉంచాలో వదలాలో తేలదు. వాటికోసం ఒక్క పెట్టె కేటాయించండి, ఒక్కటే. అది నిండితే కొత్తది పెట్టాలంటే లోపలున్నది ఒకటి తీయాలి. మూత మీద లోపలున్నవాటి జాబితా అతికించి, ఈ రోజు తేదీ, ఏడాది తర్వాత తెరవాల్సిన తేదీ రాయండి. ఈ లోగా ఎవరైనా జాబితాలోని వస్తువు ఒక్కసారైనా అడిగితే అది ఉంచాల్సినదే, వెంటనే తీసి వారికివ్వండి. ఆ తేదీన పెట్టె తెరిచే బాధ్యత ఎవరిదో కూడా మూత మీద పేరుతో సహా రాయండి. పేరు రాయని పెట్టెలను ఎవరూ తెరవరు.